విజయనగరం నుంచి మందస దాకా పాత ఇళ్ళ వెంట

మా మేనమామతో కలిసి ఎవరింటికైనా వెళ్ళడం ఇబ్బందే. కాఫీ చేతికి రాకముందే ఆయన చూపు పైకప్పు మీదికి పోతుంది. "ఆ మూల చెమ్మ దిగుతోంది, గమనించారా?" అని ఇంటాయనను నిలదీస్తారు. గృహప్రవేశానికి పిలిచినా ఇదే వరస. రోడ్లు భవనాల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలింది గానీ అలవాటు వదల్లేదు. ఉత్తరాంధ్ర తీరంలో ఇంకా మిగిలిన పాత ఇళ్ళను, ముఖ్యంగా గుండ్రటి మట్టి గోడల చుట్టిళ్ళను చూసి రావాలని నేను అనుకున్నప్పుడు, ఆయనకు మించిన తోడు దొరకదనిపించింది. మామయ్యకు కోటల మీద మోజు, నాకు గుడిసెల మీద. విజయనగరంలో మొదలుపెట్టి రైలు దారి వెంట ఈశాన్యంగా మందస దాకా వెళ్ళేట్టు ఇద్దరికీ రాజీ కుదిరింది. సంక్రాంతి వెళ్ళాక బయలుదేరాం. నూర్పులు అయిపోయి, ఊరూరా కొత్త గడ్డివాములు కనిపించే రోజులవి.

సోమవారం, విజయనగరం

విజయనగరం కోట 1713 నాటిది. పూసపాటి విజయరామరాజు కట్టించిన చదరపు కోట. నాలుగు మూలలా నాలుగు బురుజులు, రాకపోకలకు రెండు పెద్ద ద్వారాలు. నగారాఖానా ఉన్న ప్రధాన ద్వారం దగ్గర మామయ్య చాలాసేపు ఆగిపోయారు. గోడ రాళ్ళ మధ్య సున్నపు దరజుల్ని గోటితో గీరి, రాలిన పొడిని అరచేతిలో నలిపి చూశారు. "గానుగ సున్నం. ఇది రాలడానికి మనవల కాలం పడుతుంది" అన్నారు.

ఈ కోట లోపల ఒక మహలు ఉండేది. మూడో విజయరామ గజపతిరాజు 1869లో కట్టించిన మోతీమహల్. దర్బారు జరిగిన చోటు అది. తరువాతి కాలంలో చదువుల కోసం ట్రస్టుకు ఇచ్చారు, మహిళా కళాశాల నడిచింది. 2020లో దాన్ని కూల్చేశారు. శిథిలమైపోయిందన్నది చెప్పిన కారణం. ఆ సంగతి చెబితే మామయ్య అడిగిన ప్రశ్న ఒక్కటే: "శిథిలం కావడం మొదలైనప్పుడు పైకి ఎవరూ ఎక్కలేదా?" 1869 నుంచి ఎన్ని తుఫానులు ఈ ఊరి మీదుగా పోయాయో లెక్క లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి ఉత్తరాంధ్రను ఊపేసింది. అప్పుడు కూడా నిలిచే ఉన్న కట్టడం, ఎండాకాలంలో, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడు నేలమట్టమైంది. దాని గురించి నాకు ఇంకా కోపమే.

కోట బయట, పడమటి వైపు, ఫూల్‌బాగ్ భవనం వెనక ఔల్ఖానా ఉంది. ఈ ఊళ్ళో అన్నిటికంటే వింత కట్టడం ఇదేనని నా అభిప్రాయం. రాజకుటుంబం స్నానాలు చేయడానికే కట్టిన ఐదంతస్తుల రాతి భవనం. ఆరు పలకల ఆకారం, లోపల మెలి తిరిగే మెట్లు, దాదాపు 50 అడుగుల ఎత్తున నీటి తొట్టి. నీళ్ళు బావి నుంచి. ఆ బావిని ప్రమాదం జరగకుండా ఇప్పుడు మూసేశారు. మామయ్య దాని చుట్టూ తిరిగి తిరిగి, చివరికి తేల్చిన మాట: "నీళ్ళ తొట్టి బరువు మొత్తం గోడలే మోస్తున్నాయి. అందుకే పలకలుగా కట్టారు. గుండ్రంగా చెక్కాలంటే ప్రతి రాయికీ కూలి పెరుగుతుంది, పలకలైతే మూలల్లోనే పనితనం." నిజమో కాదో నాకు తెలియదు గానీ, రాజుల స్నానాల మేడలోనూ కూలి లెక్క వెతికే మనిషితో తిరగడం సరదాగా ఉంది.

ఊరి నడుమ 1885 నాటి గంటస్తంభాన్ని ఆటోలోంచే చూశాం. దానికి ఎనిమిది పలకలు. తరువాత గురజాడ అప్పారావు ఇంటికి. 1915లో ఆయన పోయేదాకా ఈ ఊరితో ఆయన బంధం తెగలేదు. ఇల్లు ఇప్పుడు స్మారక గ్రంథాలయం. రాజసం ఏమీ లేదు, అప్పటి ఉద్యోగస్థుల ఇల్లు ఎలా ఉండాలో అలా ఉంది. మామయ్య ఇక్కడ ఏ వంకా పెట్టలేదు. రోజూ తలుపులు తీసి ఊడ్చే మనిషి ఉన్నారని గడప చూడగానే తెలిసిందట.

మంగళవారం, పొందూరు

పొద్దుటి పాసింజరులో నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం దాటి పొందూరులో దిగాం. అక్కడి నుంచి ఆటో.

పొందూరు ఖద్దరు పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. నేను వెళ్ళింది బట్ట కోసం కాదు, బట్ట పుట్టే ఇల్లు చూడటానికి. నేతపనివారి ఇల్లు వీధి నుంచి పెరటి దాకా సన్నగా, పొడుగ్గా సాగుతుంది. ముందు అరుగు, తరువాత వసారా, ఆ వెనక మగ్గం ఉన్న గది, ఇంకా వెనక వంటిల్లు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే నేసేవారి కళ్ళు దాదాపు నేలమట్టానికి వస్తాయి. అందుకే ఈ గదికి వెలుతురు కిటికీ నుంచి కాక పైనుంచి కావాలి. పెంకుల మధ్య ఒక గాజు పెంకు అమర్చి ఉంది. దాని వెలుగు పలకలాగా సరిగ్గా పడుగు మీద పడుతోంది.

దూది పని మాత్రం గాలి సోకని మూలలో. ఒక పెద్దావిడ చాప మీద కూర్చుని, చేతిలో ఒక ఎముక ముక్క పట్టుకుని పత్తిని దువ్వుతున్నారు. దగ్గరగా చూస్తే అది చేప దవడ. వాలుగ చేపది. సూది మొనల్లాంటి సన్నని పళ్ళు వరసగా, ఒకే ఒంపులో ఉన్నాయి. గింజను అంటుకుని ఉన్న దూదిని ఆ పళ్ళ మీదుగా లాగితే పోగులన్నీ ఒకే దిక్కుకు తిరిగి, పట్టులా మెరుస్తాయి. నలుసులు, పొట్టి పోగులు పళ్ళలో ఉండిపోతాయి. నాకూ ఒకసారి ఇచ్చి చూడమన్నారు. వేలికి తగిలితే దువ్వెనలా లేదు, పిల్లి నాలుక తగిలినట్టుంది.

"ఫ్యాను వేయరా అమ్మా, ఉక్కగా ఉంది కదా?" అని అడిగాను.

"ఫ్యాను వేస్తే దూదంతా పక్కింటికి పోతుంది బాబూ" అని ఆవిడ నవ్వారు.

గదికి కిటికీ ఎందుకు లేదో మామయ్యకు అప్పుడు అర్థమైంది. అంతవరకు ఆయన గొణుగుతూనే ఉన్నారు, గాలి వెలుతురు లేని నిర్మాణమని. ఎవరి పని వారి ఇంటిని కడుతుంది మరి. కొన్ని ఇళ్ళలో మగ్గాలు ఆగిపోయాయి. గుంత పూడ్చి, పైన టైల్స్ పరిచి, సోఫా వేశారు. గాజు పెంకు మాత్రం అలాగే ఉంది. ఆ వెలుగు ఇప్పుడు సోఫా మీద పడుతోంది.

బుధవారం, శ్రీకాకుళం, శాలిహుండం

శ్రీకాకుళంలో డచ్చివారి పేరు మీద ఒక పాత బంగ్లా ఉంది. బ్రిటిష్ రికార్డుల్లో చికాకోల్‌గా కనిపించే ఈ ఊరు ఒకప్పుడు సన్నటి మస్లిన్ బట్టకు పేరుపడింది. ఐరోపా వర్తకులను ఇటు లాక్కొచ్చింది ఆ బట్టే. బంగ్లా గోడల మందం చూసి మామయ్య ముచ్చటపడ్డారు. నాకు అంత పట్టలేదు, బయటివాళ్ళు తెచ్చుకున్న నమూనా అది.

మధ్యాహ్నం శాలిహుండం. వంశధార దక్షిణపు ఒడ్డున గుట్ట మీద బౌద్ధ శిథిలాలు. 1919లో వీటిని లోకానికి తెలియజేసింది గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాష కోసం, సవర భాష కోసం పోరాడిన గిడుగే ఆ గిడుగు. మెట్లెక్కుతుంటే దారి పొడుగునా ఇటుక కట్టడాలు: గుండ్రటి స్తూపాలు, గుండ్రటి చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థన మందిరం. రెండువేల ఏళ్ళకు కొంచెం అటూ ఇటూగా జనం ఈ గుట్ట మీద గుండ్రటి గోడలు లేపారు. కిందికి చూస్తే వంశధార మెలికలు, దూరాన సముద్రపు గీత. ఈ చైత్యాలకూ, తీరంలో మేము చూడబోయే చుట్టిళ్ళకూ చుట్టరికం ఉందని చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ గుండ్రంగా కట్టడం ఈ నేలకు కొత్త కాదు, అంతవరకు నిజం.

"ఇటుకతో గుండ్రం కట్టడం కష్టం. మట్టితో సులువు" అన్నారు మామయ్య. మట్టి ముద్దకు మూల అవసరం లేదు, ఇటుకకే మూలలు ఉంటాయి. నాకెప్పుడూ తట్టలేదు.

గురువారం, ఇసుక మేట మీది ఊరు

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. ఒకప్పటి రేవు, ఇప్పుడు దీపస్తంభం, చేపల పడవలు, సెలవురోజుల్లో జనం. అక్కడి నుంచి భావనపాడు వైపు పోతుంటే తీరం పొడుగునా ఉప్పుటేర్లు, తంపర అనే చిత్తడి భూములు. ఏటికీ సముద్రానికీ మధ్య ఇసుక మేటలు, వాటి మీద సరుగుడు, తాడి చెట్లు, అక్కడక్కడా చిన్న చిన్న పల్లెలు. వానాకాలం ఏరు పొంగితే అవి దీవులే. మేము వెళ్ళిన పల్లె పేరు రాయను. చుట్టిళ్ళున్నాయని తెలిసి ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారనీ, కొందరు అడగకుండానే లోపలికి దూరిపోతున్నారనీ అక్కడివారి బాధ.

నాటు పడవలో ఏరు దాటించిన కుర్రవాడు గెడను ఒకచేత్తోనే వేస్తూ, రెండోచేత్తో ఫోను చూసుకుంటున్నాడు. లోతు నడుముదాకానే ఉంది. మామయ్య మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని, పడవ అంచును వదలకుండా కూర్చున్నారు.

ఊళ్ళో ఎక్కువ ఇళ్ళు స్లాబులే. వాటి మధ్య, దూరం నుంచి గడ్డివాముల్లా కనిపించేవి చుట్టిళ్ళు. దగ్గరికి వెళ్ళేదాకా గోడ కనిపించదు. తాటాకు కప్పు మొన నుంచి దిగి దిగి, నేలకు రెండు మూరల ఎత్తులో ఆగుతుంది. లోపలికి వెళ్ళాలంటే ఎవరైనా నడుము వంచాల్సిందే. వంగి లోపలికి అడుగు పెట్టాక, చూరుకూ గోడకూ మధ్య ఇంటి చుట్టూ తిరిగే సన్నటి వసారా. పొయ్యి, రోలు, వల, మేకపిల్ల, నులకమంచం, అన్నీ అక్కడే. దాని లోపల గుండ్రటి మట్టి గోడ, ఒకే తలుపు. ఆ తలుపు లోపల ఒకే గది.

ఆ ఇంటి మామ్మగారికి ఎనభై దాటి ఉంటాయి. "కూర్చోండి నాయనా" అని చాప వేశారు. మామయ్య కూర్చోలేదు. అనుమతి అడిగి గోడను తట్టడం మొదలుపెట్టారు. ఒక్కోచోట చెవి ఆనించి వింటున్నారు. మందం దాదాపు మూర. గడ్డి ముక్కలు కలిపి తొక్కిన మట్టి. వరస మీద వరస పెట్టి, ఒక వరస ఆరాకే రెండోది వేస్తూ లేపిన గోడ. జాగ్రత్తగా చూస్తే వరసల మధ్య అతుకు, పేడ అలుకు కింద, సన్నటి నీడలా తెలుస్తుంది. ఇదంతా మామ్మగారి అత్తగారి కాలంలో కట్టింది. ఆవిడ కాపురానికి వచ్చేనాటికే ఉంది.

అసలు తెలివి పైన ఉంది. గది మీద తాటి దూలాలు పరిచి, వాటి మీద వెదురు తడికె వేసి, మందంగా మట్టి మెత్తారు. అదే అటక. తాటాకు కప్పు ఆ అటకకు పైన, వేరుగా లేస్తుంది. అంటే ఒక ఇంటికి రెండు కప్పులు. తాటాకుకు నిప్పంటుకుంటే పై కప్పు కాలిపోతుంది; మట్టి అటక కిందికి నిప్పు దిగనివ్వదు. గింజలు, గుడ్డలు, కాగితాలు దక్కుతాయి. "ఒకసారి కాలింది కూడా" అన్నారు మామ్మగారు, ఏదో వర్షం పడిందన్నంత మామూలుగా. "తలుపు మూసి బయటికి వచ్చేశాం. బియ్యం కుండకు మసి కూడా అంటలేదు."

కొప్పు మీద బోర్లించిన కుండ ఉంది. వాసాలన్నీ కలిసే మొన దగ్గర వాన దిగకుండా అది గొడుగు.

మామయ్య ఇప్పుడు కుదురుగా కూర్చుని పాఠం చెప్పసాగారు. గాలికి చదును గోడ ఎదురైతే గుద్దుతుంది. గుండ్రటి గోడైతే రెండుగా చీలి పక్కలకు పోతుంది. ఇంటి కప్పు లేచిపోయేది ఎక్కువగా చూరు కింద గాలి దూరినప్పుడే. ఇక్కడ చూరు నేలకు అంత దగ్గరగా ఉంటే గాలి దూరేదెక్కడ? పైగా వాలు నిటారుగా ఉంది, నీరు నిలవదు. వాసాలకూ గోడకూ మేకులు లేవు, అంతా తాళ్ళ కట్టు. కప్పు కాస్త ఊగుతుంది గానీ విరగదు. "మేము డ్రాయింగులు వేసి, మంజూరు తెప్పించి కట్టిన షెడ్ల రేకులు రెండు ఊళ్ళవతల దొరికేవి" అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో బాధ కంటే కుతూహలమే ఎక్కువ కనిపించింది.

నేను పొంగిపోయి, ఇలాంటివే మళ్ళీ కట్టుకోవచ్చు కదా అన్నాను. మామ్మగారి కోడలు అప్పుడే నీళ్ళ బిందెతో వస్తున్నారు.

"మీరు ఉంటారా బాబూ ఇందులో?" అని అడిగారు, వెటకారం లేకుండా. "రెండు మూడేళ్ళకోసారి కప్పించుకోవాలి. కమ్మలు నరకడానికి తాడి ఎక్కేవాళ్ళు లేరు. ఉన్నవాళ్ళు చెన్నై పోయారు. తాడిచెట్లూ తగ్గిపోయాయి. మా చిన్నాడికి సంబంధం చూస్తుంటే పిల్లనిచ్చేవాళ్ళు మొదట అడిగేది స్లాబు ఉందా అనే."

మామ్మగారి కొడుకు కట్టుకున్న స్లాబు ఇల్లు పక్కనే ఉంది. ఆవిడ పగలంతా చుట్టింట్లో, తుఫాను హెచ్చరిక వస్తే మాత్రం స్లాబులో. అదేమిటి, గాలికి చుట్టిల్లే మేలని ఇంతసేపూ చెప్పుకున్నాం కదా అంటే, జవాబు మామయ్య ఇచ్చారు. గాలితోపాటు నీరు వస్తుంది. ఉప్పెన నీరు గోడ అడుగున నాలుగు గంటలు నిలిస్తే మట్టి గోడ కరిగిపోతుంది. తాటాకు ఒకవైపు లేచిపోయి, ఆ వెనకే రెండు రోజులు వాన పడినా అంతే. గాలికి ఈ ఇల్లు, నీటికి ఆ ఇల్లు. రెండూ పక్కపక్కన ఉన్న ఈ కుటుంబం ఊళ్ళో అందరికంటే భద్రంగా ఉందని ఆయన లెక్క తేల్చారు.

మరి ఇంతకాలం ఈ మట్టి గోడ ఎలా నిలిచింది? మామ్మగారు చేత్తో చూపించారు. ప్రతి వానాకాలం అయ్యాక గోడ అడుగున కొత్త మట్టి మెత్తుతారు, ఎర్రమట్టి, పేడ కలిపి అలుకుతారు. ఏళ్ళ తరబడి అలా మెత్తగా మెత్తగా గోడ పాదం దగ్గర లావెక్కి, చిన్న అరుగులా తయారైంది. దాని మీదే ఆవిడ కూర్చుని ఉన్నారు.

చేపల పులుసుతో భోజనం పెట్టారు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మామయ్య స్లాబు ఇంటి మీదికెక్కి, నీళ్ళ ట్యాంకు పక్కన పగులు కనిపెట్టి, దేనితో పూడ్చాలో చెప్పి ఆ రుణం తీర్చుకున్నారు.

శుక్రవారం, ఉద్దానం

పలాస నుంచి తూర్పుకు తిరిగితే కొబ్బరి, జీడి, పనస. ఇదే ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. తరాలుగా పెంచిన తోటలు ఒక్క పూటలో పడిపోయాయి. తరువాత నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు మనిషిని దాటి ఎదిగాయి. వాటి మధ్య తలలు తెగిన పాత మొద్దులు ఇంకా అక్కడక్కడా నిలబడి ఉన్నాయి.

ఇక్కడి ఊళ్ళ ఇల్లు చుట్టింటికి పూర్తిగా వ్యతిరేకం. వీధికి అటూ ఇటూ రెండు వరసలు. ఒక వరసలో ఇళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని, ఒకే గోడను ఇద్దరు పంచుకుంటూ, ఒకే కప్పు కింద ఉన్నట్టు సాగుతాయి. అరుగు కూడా ఊరంతటికీ ఒకటే. ఈ కొస నుంచి ఆ కొసకు కాలు కింద పెట్టకుండా నడిచిపోవచ్చు. ఇంటి వెడల్పు మంచం అడ్డంగా వేస్తే కష్టంగా మనిషి దాటేంత. పొడవు మాత్రం రైలు పెట్టె. వీధి గుమ్మంలో నిలబడితే గదుల గుమ్మాలన్నీ ఒకే వరసలో, చివరన పెరట్లో బావి దగ్గర బట్టలుతికే మనిషి కనిపిస్తారు.

ఇంత సన్నగా ఎందుకని అడిగితే, అరుగు మీద పేపరు చదువుతున్న రిటైర్డు మాస్టారు విడమరిచి చెప్పారు. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు ఇంటిని అడ్డంగా కోస్తే ఒకరికి వీధి వస్తుంది, ఒకరికి పెరడు వస్తుంది. వీధి లేనివాడికి పెళ్ళి ఊరేగింపు లేదు, పెరడు లేనివాడికి బావి లేదు. అందుకని నిలువునా కోస్తారు. తరం తరానికి ఇల్లు సన్నబడుతుంది. "మా తాతగారి ఇల్లు పద్దెనిమిది అడుగులు. నాది తొమ్మిది. మా అబ్బాయిలు హైదరాబాదులో ఫ్లాట్లు కొనుక్కున్నారు కాబట్టి తొమ్మిదిలోనే ఆగింది" అన్నారాయన.

వరస ఇళ్ళకు తుఫానులో ఒక లాభం ఉంది. మధ్య ఇళ్ళ పక్కగోడలకు గాలి తగలదు. దెబ్బంతా రెండు కొసల ఇళ్ళదే. అందుకే కొస ఇంటికి గోడ మందంగా కట్టుకుంటారు. నష్టమూ ఉంది: కప్పు తాటాకైన రోజుల్లో ఒక ఇంట్లో నిప్పు పుడితే వరస మొత్తం పోయేది. వీధి ఎందుకంత వెడల్పుగా ఉందో అప్పుడు తెలిసింది. ఈ వరస నిప్పు ఆ వరసకు దూకకూడదు.

ఇప్పటి సమస్య వేరు. ఉద్దానం మనుషులు పనుల కోసం ఎక్కడెక్కడికో పోయారు. వరసలో మూడిళ్ళకు ఒకటి తాళం. మూసిన ఇంటి కప్పు మీద కోతి దూకి పెంకు జారినా సరిచేసేవారు లేరు. ఆ సందులోంచి వాన ఉమ్మడి గోడలోకి దిగుతుంది. గోడ ఇద్దరిదీ, కాబట్టి ఊళ్ళో ఉన్నవాడి ఇల్లూ చెమ్మెక్కుతుంది. మాస్టారి పక్క ఇంటివారు ముంబయిలో ఉన్నారు. ఏటా మే నెలలో ఆయనే నిచ్చెన వేసుకుని వాళ్ళ కప్పెక్కి పెంకులు సర్దుతారు. "వాళ్ళ మీద ప్రేమ అనుకోకండి, నా గోడ మీద ప్రేమ" అని నవ్వారు. డెబ్బై దాటిన మనిషి పెంకుల మీద నడవడం మామయ్యకు నచ్చలేదు. అలా నడిచేటప్పుడు అడుగు పెంకు నడిమిన కాక, కింద వాసం ఉన్నచోటే వేయాలని నేర్పబోయారు. "అది మా నాన్న నాకు ఆరో తరగతిలో చెప్పారండీ" అన్నారు మాస్టారు. చాలా రోజులకు మామయ్య నోరు మూతపడటం చూశాను.

శనివారం, మందస

మందస రోడ్డు స్టేషనులో దిగి ఆటోలో ఊళ్ళోకి. వెనక మహేంద్రగిరి, ఎదుట చెరువులు, కొబ్బరి చెట్లు. వాసుదేవ పెరుమాళ్ ఆలయం చూశాం. శిథిలావస్థలో ఉన్న ఈ గుడిని బాగుచేసుకున్నారు, ఇప్పుడు నిత్యం దీపం వెలుగుతోంది. రాతి పని మామయ్యకు తృప్తినిచ్చింది.

రాజుగారి కోట అలా లేదు. బయటి నుంచే చూశాం. పెద్ద మేడ, వరస స్తంభాలు, సున్నం రాలిన గోడలు, పగుళ్ళలో రావి మొక్కలు. "రావి వేరు వేలంత ఉన్నప్పుడు పీకేస్తే సరిపోయేది. తొడంత అయ్యాక గోడను పట్టుకుని ఉన్నది అదే, ఇప్పుడు పీకితే గోడ వస్తుంది" అన్నారు మామయ్య. ఆయన దృష్టి దూలాల మీద ఉంది. ఇంత పొడవు, ఇంత లావు కలప ఎక్కడిదని ఆయన ఆశ్చర్యం.

ఆ కలపకు ఒక కథ ఉంది. వెనక కనిపించే కొండల అడవి జమీందారుదైన రోజుల్లో, నాగలికీ బండికీ ఇంటి వాసానికీ రైతు అక్కడి నుంచే కలప తెచ్చుకోవాలి. ఆ హక్కు కోసం మందస జమీ రైతులు తిరగబడ్డారు. 1940 ఏప్రిల్‌లో గుడారి రాజమణిపురంలో రైతులను పట్టుకుపోతున్న పోలీసులకు జనం అడ్డుపడ్డారు. కాల్పుల్లో సాసుమాను గున్నమ్మ, మరికొందరు చనిపోయారు. ఆమె నిండు గర్భిణి. వీర గున్నమ్మగా ఇక్కడ ఇప్పటికీ తలుచుకుంటారు. ఈ సంగతి నేను చెబుతున్నంతసేపూ మామయ్య కోట దూలాల వైపే చూస్తున్నారు. ఉద్దానంలో మాస్టారి ఇంటి వాసాలు మణికట్టు లావున, వంకరటింకరగా ఉన్నాయని నిన్న ఆయనే వంక పెట్టారు. ఇప్పుడు ఆ మాట ఎత్తలేదు.

ఈ దారిన వెళ్ళాలనుకునేవారికి: జనవరి, ఫిబ్రవరి మంచి కాలం, అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు, తీరపు ఊళ్ళవారికి మీ అవసరం ఉండదు. చుట్టింటి దగ్గరికి వెళ్తే చూరు బయటే ఆగి పిలవండి. ఫొటోకు ముందు అడగండి. లోపలికి రమ్మంటే వంగడానికి మొహమాటపడవద్దు, చూరుకున్న వెదురు కొసలు మహా పదును. మామయ్య బట్టతల మీద ఇంకా గీత ఉంది. మందస కోవా మాత్రం పొద్దున్నే కొనుక్కోండి. మేము సాయంత్రం రైలుకు ముందు వెళ్ళేసరికి అయిపోయింది.